మిషన్ లేకున్నా నురగకు కొదవ లేదు

నిజామాబాద్ చాయ్ ఊరు. బస్టాండు ముందర నిలబడ్డా, గాంధీచౌక్‌లో సామాన్లు కొంటున్నా, ఖలీల్‌వాడిలో డాక్టరు పిలిచేదాకా బెంచీ మీద కూర్చున్నా, చేతిలోకి వచ్చేది చాయే. "చాయ్ తాగినవా?" అన్నదే ఇక్కడ పలకరింపు. అలాంటి ఊళ్లో కాఫీ మీద తేలే నురగ గురించి ఇన్ని కబుర్లు అవసరమా అంటారేమో. అవసరమే. హైదరాబాద్‌లో చదువుకునే పిల్లలు, ఉద్యోగాలు చేసే పిల్లలు పండక్కి వచ్చినప్పుడు అక్కడ తాగిన కాపుచినో ఇంట్లో కావాలంటున్నారు. అమ్మానాన్నలు ఫోనులో వెతికితే ఎస్‌ప్రెసో మిషన్ల ధరలు వేలల్లో కనబడుతున్నాయి. వాటి పక్కనే రెండు మూడు వందలకు బ్యాటరీతో తిరిగే చిన్న పుల్ల ఒకటి కనబడుతుంది. "ఇది కొంటే సరిపోతుందా? ఇట్లాంటివే నాలుగైదు రకాలున్నయి, ఏది కొనాలె?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు.

నాకు ఇష్టమైన ప్రశ్న ఇది. కాబట్టి తీరిగ్గా కూర్చోండి. నా జవాబు ముందే చెప్పేస్తాను: సరిపోతుంది. గ్లాసులో కాఫీ రుచిగా ఉండటానికి కావలసినవాటిలో ఎక్కువ భాగం మన చుట్టూనే ఉన్నాయి. పాలు మనవి, చక్కెర మనది. ఆ పాలను అర్థం చేసుకుంటే, ఇంట్లో ఎన్ని గ్లాసులు కలపాలో లెక్క చూసుకుంటే, ఏ పరికరం కొనాలో దానంతట అదే తేలిపోతుంది.

అసలు మనకు నురగ కాఫీ కొత్తేమీ కాదు. పెళ్లిళ్లలో భోజనాలయ్యాక ఒక మూల జనం గుమిగూడి ఉంటారే, ఆ కాఫీ మిషన్ గుర్తు తెచ్చుకోండి. నిలువెత్తు బాయిలరు, కింద మంట, పక్కన సన్నని గొట్టం. కాఫీ కలిపే అబ్బాయి జగ్గులో పాలు పోసి, ఇన్‌స్టంట్ పొడి, చక్కెర వేసి, ఆ గొట్టం మూతి పాలల్లో ముంచి తిప్పు తిప్పుతాడు. గుర్రుమని మోత. మొదట గొట్టం మూతిని పాల పైతట్టుకు దగ్గరగా పట్టుకుంటాడు. అప్పుడు గాలి లోపలికి పోయి పాలు పొంగుతాయి. తర్వాత జగ్గును పైకెత్తి మూతిని అడుక్కు పంపుతాడు. మోత తగ్గి, పాలు సుడి తిరుగుతాయి. జగ్గు బయట అరచేయి ఆనించి ఉంచుతాడు. చేయి చుర్రుమనగానే ఆవిరి కట్టేస్తాడు. కప్పుల్లో పోసి పైన చిటికెడు కాఫీ పొడి చల్లుతాడు. ఈసారి పెళ్లికి వెళ్తే వరసలో నిలబడి ఆ చేతులను చూడండి. థర్మామీటరు లేకుండా, గడియారం చూడకుండా ఆయన చేసే పనిలో నురగ శాస్త్రమంతా ఉంది.

దాన్ని మనం ఎస్‌ప్రెసో కాఫీ అంటాం గానీ, ఇటలీవాళ్ల ఎస్‌ప్రెసో పని వేరు. మెత్తటి పొడి గుండా వేడినీళ్లను దాదాపు 9 బార్ల ఒత్తిడితో నెట్టి చిక్కటి కాఫీ తీస్తారు. మిలాన్‌లో లుయీజీ బెజ్జెరా 1901లో ఆవిరి ఒత్తిడితో కాఫీ తీసే మిషన్‌కు పేటెంటు తీసుకుంటే, అకిలే గాజియా 1938లో ఇంకా ఎక్కువ ఒత్తిడితో పనిచేసే పద్ధతికి పేటెంటు కోరాడు. ఆ మిషన్లకే పక్కన ఆవిరి గొట్టం చేరి పాల నురగ వచ్చింది. మన పెళ్లి మిషన్‌లో కాఫీ తీసే భాగం లేదు, పాలు పొంగించే భాగమే ఉంది. అయినా ఇన్ని దశాబ్దాలుగా మనవాళ్లు దాన్ని వరసలో నిలబడి మరీ తాగుతున్నారు. నురగకు ఎస్‌ప్రెసో మిషన్ తప్పనిసరి కాదని మన పెళ్లిపందిళ్లే ఎప్పుడో తేల్చేశాయి.

ఆవిరి గొట్టం ఒకేసారి రెండు పనులు చేస్తుంది. పాలను వేడెక్కిస్తుంది, పాలల్లోకి గాలి ఎక్కిస్తుంది. ఇంట్లో మనం ఈ రెండు పనులనూ విడదీసుకోవచ్చు. వేడి సంగతి పొయ్యి చూసుకుంటుంది. గాలి ఎక్కించడానికి ఒక చిన్న సాధనం చాలు. మనం కొనబోయేది దాన్నే.

కొనేముందు పాల దగ్గరికి వెళ్దాం, ఎందుకంటే నురగ నిలబెట్టేది అవే. పాలల్లో మాంసకృత్తులున్నాయి: కేసీన్, వే ప్రోటీన్లు. గాలి బుడగ ఒకటి పాలల్లోకి రాగానే ఈ ప్రోటీన్లు వచ్చి, బతుకమ్మ చుట్టూ ఆడవాళ్లు వలయం కట్టినట్టు, బుడగ చుట్టూ పేర్చుకుని నిలబడతాయి. వలయం బిగువుగా ఉన్నంతసేపు బుడగ పగలదు. బుడగలు ఎంత చిన్నవైతే నురగ అంత మెత్తన, అంత తియ్యన. పెద్ద బుడగలు నోట్లో గాలిలాగే ఉంటాయి, రెండు నిమిషాల్లో టప్పున పగిలిపోతాయి.

కొవ్వు కథ ఇంకొంచెం పెద్దది. కొవ్వు రుచినిస్తుంది, నోటికి మెత్తదనాన్ని ఇస్తుంది, కానీ నురగ ఎత్తును తగ్గిస్తుంది. ఇంకో సంగతి, పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు, అంటే సుమారు 20 నుంచి 40 డిగ్రీల మధ్య, కొవ్వు సగం గడ్డగా, సగం కరిగి ఉండి బుడగలను పగలగొడుతుంది. అందుకే పాలు ఫ్రిజ్‌లోంచి తీసినంత చల్లగానైనా ఉండాలి, బాగా వేడిగానైనా ఉండాలి. వేడి కాఫీకి సరైన వేడి 60 నుంచి 65 డిగ్రీలు. ఆ వేడిలో పాల తియ్యదనం నాలుకకు బాగా తెలుస్తుంది. 70 దాటితే ప్రోటీన్ల పట్టు సడలి నురగ ముతకబారుతుంది, మరిగిన వాసన మొదలవుతుంది.

ఇక్కడే మా బోధన్ చిన్నమ్మకూ నాకూ వాదన జరిగింది. పొయ్యి మీద పాలు పెట్టి నేనన్నాను:

"చిన్నమ్మా, మరగనియ్యకు. పాల మీద సన్నగ ఆవిరి లేవంగనే దించు."

"మరగని పాలతోని కాఫీ ఏంది బిడ్డా, కడుపు నొయ్యదా?"

"పొద్దుగాల నువ్వు ఒకపారి మంచిగ మరగబెట్టినవే కదా. ఇది రెండోపారి వెచ్చబెట్టుకునుడే."

"గట్లయితే సరే. మల్ల మీగడ?"

"మీగడ తీసి పక్కకు పెట్టు. నెయ్యికి పనికొస్తది."

ఆ నాలుగు మాటల్లో మన ఇళ్లకు కావలసిన పద్ధతి మొత్తం ఉంది. ఊళ్లో పిండిన పాలయితే ముందొకసారి బాగా మరిగించాల్సిందే, అందులో రాజీ లేదు. చల్లార్చి, మీగడ తీసి, ఫ్రిజ్‌లో పెట్టండి. కాఫీ వేళకు కావలసినన్ని తీసుకుని సన్నగా ఆవిరి లేచేదాకా వేడిచేయండి. గిన్నెను చేత్తో పట్టుకోవాలంటే వెనకాడేంత వేడి, అంతే. మీగడ తునకలు నురగలో అడ్డం పడతాయి, చాయ్ జల్లెడలో ఒకసారి వడగట్టుకోండి.

మన దగ్గర బర్రె పాలు ఎక్కువ. కొవ్వు 6 శాతం నుంచి పైనే ఉంటుంది, ప్రోటీను కూడా ఆవు పాల కన్నా ఎక్కువే. మీగడ తీసిన బర్రె పాలంత మంచి నురగ నాకు ఇంకెందులోనూ కనబడలేదు. ప్యాకెట్ పాలయితే ప్యాకెట్ మీద రకం చూడండి. ఫుల్ క్రీమ్‌లో కొవ్వు 6 శాతం, స్టాండర్డైజ్డ్‌లో 4.5, టోన్డ్‌లో 3, డబుల్ టోన్డ్‌లో 1.5 శాతం. డబుల్ టోన్డ్ పాలు బుసబుసా పొంగుతాయి, కానీ నోట్లో పలచగా, పొడిగా ఉంటాయి. ఫుల్ క్రీమ్ తక్కువ పొంగుతుంది, రుచి మాత్రం నిండుగా ఉంటుంది. మొదలుపెట్టేవాళ్లకు టోన్డ్ గానీ స్టాండర్డైజ్డ్ గానీ అనువైనది. పుల్లబడబోతున్న పాలు, నాలుగు రోజులు నిలవున్న పాలు ఏ మిషన్‌లో పెట్టినా నురగ నిలవదు. నురగ రానప్పుడు చేతిలోని పరికరాన్ని తిట్టకముందు పాలను అనుమానించండి.

అలాగని ఎక్కువ నురగ వస్తే పాలు మంచివని కూడా అనుకోకండి. డిటర్జెంటు కలిపిన పాలు కూడా నురగ కక్కుతాయి. ఎవరి దగ్గరైనా కొత్తగా పాలు పోయించుకుంటుంటే కొన్ని పాలు, అన్నే నీళ్లు సీసాలో పోసి గట్టిగా ఊపి చూడండి. మంచి పాల మీద పలుచటి నురగ పొర ఏర్పడుతుంది. సబ్బు నురగలా దట్టంగా కడితే ఆ పాలు వద్దు. కాఫీ మాట పక్కన పెట్టండి, పిల్లలు తాగే పాలివి.

ఇప్పుడు దుకాణానికి వెళ్దాం. మనకు దొరికేవి ప్రధానంగా మూడు రకాలు.

మొదటిది చేతిలో పట్టుకునే బ్యాటరీ ఫ్రోతర్. దుకాణాల్లో కాఫీ బీటర్ అని కూడా అడగవచ్చు. పిడిలో చిన్న మోటారు, దాని నుంచి సన్నని స్టీలు పుల్ల, కొసన గుండ్రంగా చుట్టిన స్ప్రింగు. రెండు మూడు వందల నుంచి దొరుకుతుంది. ఒకరికో ఇద్దరికో కాఫీ కలుపుకునే ఇంటికి ఇదే సరైనదని నా నమ్మకం. కొనేటప్పుడు డబ్బా మీద రాసిన చుట్ల లెక్కలు చూడకండి. గాలిలో తిరిగే వేగం వేరు, పాలల్లో తిరిగే వేగం వేరు. దుకాణదారుణ్ణి ఒక గ్లాసు నీళ్లు అడగండి. "అన్నా, ఒక్కసారి నీళ్లల్ల పెట్టి చూస్త" అంటే ఎవరూ కాదనరు. నీళ్లల్లో ముంచి మీట నొక్కితే సుడి గ్లాసు అడుగు దాకా దిగాలి. మోటారు గొంతు నీరసించకూడదు. పుల్ల అటూ ఇటూ ఊగకూడదు. స్ప్రింగు చుట్టు వదులుగా ఉండకూడదు. ఈ నాలుగూ బాగుంటే తెచ్చేసుకోండి. చార్జింగ్‌వి కూడా వస్తున్నాయి. రోజూ వాడేవాళ్లకు అవి మేలు. సెల్లులవి తీసుకుంటే, వాడని రోజుల్లో సెల్లులు తీసి పెట్టండి, లేకపోతే కారి లోపల తుప్పు పడుతుంది.

రెండోది చేత్తో నొక్కే రకం. జాడీలాంటి పాత్ర, మూతకు కడ్డీ, కడ్డీ కొసన సన్నని జల్లెడ. ఫ్రెంచ్ ప్రెస్ అని కాఫీ తీయడానికి అమ్మేది కూడా ఇదే పనికి వస్తుంది. వేడిపాలు మూడో వంతు దాకా పోసి, కడ్డీని పైకీ కిందికీ ఇరవైసార్లు నొక్కితే పాలు రెట్టింపవుతాయి. జల్లెడ కన్నాల్లోంచి పోయే పాలకు బుడగలు సన్నగా వస్తాయి. ముగ్గురు నలుగురున్న ఇంటికి ఇది బాగా నడుస్తుంది. కరెంటు అక్కర్లేదు, సెల్లులు అక్కర్లేదు, చెడిపోవడానికి మోటారే లేదు. గాజుది కాకుండా స్టీలుది తీసుకోండి. మన సింకుల్లో గాజు ఎక్కువ రోజులు బతకదు. కాఫీ తీయడానికీ పాలకూ ఒకటే వాడితే జల్లెడకు కాఫీ జిడ్డు పట్టి నురగ చెడుతుంది, కాబట్టి పాలకు వేరే ఉంచుకోండి. వాడిన ప్రతిసారీ జల్లెడ విప్పి కడగాలి. ఆ ఓపిక లేనివాళ్లకు ఇది వద్దు.

మూడోది కరెంటు జగ్గు. పాలు పోసి మీట నొక్కితే అదే వేడిచేసి, అదే తిప్పి, సరైన వేడికి రాగానే ఆగిపోతుంది. అడుగున అయస్కాంతంతో తిరిగే చిన్న చక్రం ఉంటుంది. రెండు వేల నుంచి పైకి ధర. చేతులు వణికే పెద్దవాళ్లున్న ఇంట్లో, పొద్దున్నే పొయ్యి దగ్గర నిలబడే తీరిక లేని ఇంట్లో ఇది నిజంగా ఉపకారం చేస్తుంది. లోపల రెండు గీతలుంటాయి, చూసుకోండి. కింది గీత నురగకు, పై గీత ఉత్తగా వేడిచేసుకోవడానికి. నురగ గీత దాకా పోస్తే చాలావాటిలో ఒకటి రెండు కప్పులకే వస్తుంది. ఆరుగురు చుట్టాలు వచ్చిన రోజు మూడుసార్లు పెట్టాలి. అందులో చక్కెర వేయకండి, అడుగంటి పూత పాడవుతుంది. పీచుతో రుద్దకండి.

ఇంట్లో ఉన్నవాటి సంగతేంటని అడుగుతారు. మజ్జిగ చిలికే చిన్న కవ్వం వేడిపాలల్లో అరచేతుల మధ్య గట్టిగా తిప్పితే నురగ వస్తుంది, కాస్త ముతకగా. గ్లాసు నుంచి డబరాలోకి, డబరా నుంచి గ్లాసులోకి ఎత్తి తిరగబోస్తే వచ్చే నురగ ఫిల్టర్ కాఫీకి అందమూ ఇస్తుంది, తాగే వేడికి కూడా తెస్తుంది. మిక్సీలో మాత్రం వేడిపాలు తిప్పకండి. లోపల ఆవిరి పెరిగి మూత ఎగిరి మొహం మీద పడుతుంది. చల్లటి పాలకైతే మిక్సీ భేషుగ్గా పనిచేస్తుంది.

ఇక చేతి ఫ్రోతర్‌తో ఎలా చేయాలో దగ్గరగా చూద్దాం. వెడల్పాటి గిన్నె వద్దు. నిలువుగా, సన్నగా ఉండే స్టీలు గ్లాసు తీసుకోండి. పాలు సగానికి మించకూడదు, పైన పొంగడానికి చోటు కావాలి. గ్లాసును కొంచెం వంచి, స్ప్రింగు మునిగాకే మీట నొక్కండి. ముందే నొక్కితే పాలు చొక్కా మీద ఉంటాయి. స్ప్రింగును పాల పైతట్టుకు ఒక వేలు మందం కింద ఉంచితే సర్రుమన్న సన్నని శబ్దం వస్తుంది. గాలి పోతున్న శబ్దం అది. పదీ పదిహేను సెకన్లలో పాలు పైకి లేస్తాయి. అక్కడ ఆగకండి. పుల్లను అడుక్కు దింపి ఇంకో పది సెకన్లు తిప్పండి. ఇప్పుడు కొత్త గాలి పోదు, పెద్ద బుడగలు విరిగి చిన్నవవుతాయి. మీట వదిలాకే పుల్ల పైకి తీయండి. గ్లాసును బండ మీద రెండుసార్లు టక్కుటక్కుమని కొట్టి, చేతిలో గుండ్రంగా తిప్పండి. పైతట్టు సున్నం కొట్టిన గోడలా గరుకుగా కాక, నిగనిగలాడాలి. అప్పుడు పాలూ నురగా విడిపోకుండా ఒకే ధారగా కాఫీలోకి జారతాయి. పెళ్లిలో ఆ అబ్బాయి చేసిందీ ఇదే వరస: ముందు పైన, తర్వాత అడుగున.

నురగ ఇంత బాగా వచ్చినా కింద కాఫీ పలచగా ఉంటే ఏం లాభం? ఎస్‌ప్రెసో బదులు మన ఫిల్టర్ డికాక్షన్ ఉంది, దానికి వంక పెట్టాల్సిందేమీ లేదు. మన ప్రాంతానికి ఈ ఫిల్టరు ఇలా వచ్చిందని నా ఊహ. మంజీర మీద నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. కాలువల్లో నీళ్లు పారాక కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి వర్ని, కోటగిరి, బోధన్ చుట్టుపక్కల భూములు కొని క్యాంపులు కట్టుకున్నారు. ఇప్పటికీ ఆ ఊళ్ల పేర్ల చివర క్యాంపు అనే ఉంటుంది. వాళ్ల వంటింట్లో రెండు అంతస్తుల స్టీలు ఫిల్టరు, మన వంటింట్లో చాయ్ గంజు పక్కపక్కనే పెరిగాయి. పొడి వేసి, పైన చిల్లుల బిళ్ల పెట్టి, మరిగే నీళ్లు పోసి వదిలేస్తే మొదట దిగే డికాక్షన్ చిక్కగా, నల్లగా ఉంటుంది. నురగపాలకు అదే కావాలి. రెండోసారి నీళ్లు పోసి తీసింది వద్దు. కాఫీ గింజ మన జిల్లాలో పండదు కానీ తెలుగు నేల మీద పండుతుంది. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి గిరిజన రైతులు పండించిన పొడి తెప్పించుకుంటే కప్పు మొత్తం మనవాళ్లదే అవుతుంది.

ఇన్‌స్టంట్ పొడి వాడేవాళ్లు చిన్నబుచ్చుకోకండి, మీకు ఇంకో వరం ఉంది. ఇన్‌స్టంట్ పొడి, చక్కెర, వేడినీళ్లు, ఒక్కో చెంచా సమానంగా సన్నని గ్లాసులో వేసి ఈ ఫ్రోతర్‌తోనే తిప్పండి. నల్లటి ద్రవం గోధుమరంగుకు, ఆపైన లేత బంగారు రంగు వెన్నలాంటి ముద్దకు మారుతుంది. చెంచాతో కొడితే చేయి నొప్పిపుట్టేదాకా పట్టేది, ఫ్రోతర్‌తో రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. 2020 లాక్‌డౌన్‌లో కొరియా పేరుతో ప్రపంచమంతా చేసుకున్న దల్గోనా కాఫీ ఇదే. మన దేశంలో ఇళ్లల్లో అంతకు ఎంతో ముందు నుంచే ఇలా గిలక్కొట్టి తాగుతున్నారు. ఇందులో చక్కెర పని తీపి ఒక్కటే కాదు. నీళ్లను చిక్కబరిచి, బుడగల మధ్య నుంచి నీరు కిందికి జారిపోకుండా ఆపుతుంది. చక్కెర లేకుండా చేసి చూడండి, నురగ వస్తుంది కానీ కాసేపట్లోనే కుంగిపోతుంది.

చక్కెర మాట వచ్చాక బోధన్ దగ్గర ఆగకుండా ఎలా పోతాం? 1937లో నెలకొల్పిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపడింది. దాని చుట్టూ శక్కర్‌నగర్ అనే ఊరే వెలిసింది. చెరకు సీజనులో బండ్లు వరసగా కట్టి నిలబడిన రోడ్లు, గాలిలో బెల్లపు పాకం వాసన, ఇవి మా పెద్దవాళ్ల తరం మాట్లాడుకునే మాటలు. 2002లో అది ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది, 2015 డిసెంబరులో మూతపడింది. ఆ గేటు మళ్లీ తెరుచుకోవాలని కార్మికులు, చెరకు రైతులు అడుగుతూనే ఉన్నారు. నేనూ వాళ్ల వెంట మనసారా కోరుకుంటున్నాను. చెరకును మాత్రం ఈ నేల మరిచిపోలేదు. రుద్రూర్‌లో చెరకు, వరి పరిశోధన కేంద్రం ఉంది. కామారెడ్డి బెల్లానికి పేరుంది. ఆ బెల్లంతో కాఫీ తాగాలనుకునేవాళ్లకు ఒక జాగ్రత్త: పాలల్లో వేసి మరిగించకండి, విరిగిపోవచ్చు. వేడి డికాక్షన్‌లో బెల్లం కరిగించి వడగట్టి, నురగపాలు చివర్లో పోయండి.

ఇంట్లో కాఫీ ముట్టనివాళ్లు ఉంటారు. వాళ్లకూ ఈ పరికరం పనికొస్తుంది. ఆర్మూర్, బాల్కొండ చేలల్లో పండి, నిజామాబాద్ యార్డుకు వచ్చే పసుపు సంగతి మీకు తెలియనిదా? జాతీయ పసుపు బోర్డు కూడా 2025లో మన ఊరికే వచ్చింది. పాలల్లో పసుపు కరగదు, అడుక్కు దిగిపోతుంది. చివరి గుక్క గొంతులో గీరుకుంటుంది. వేడిపాలల్లో చిటికెడు పసుపు, మిరియాల పొడి వేసి ఫ్రోతర్ తిప్పితే పసుపు పాలంతా సమంగా కలిసిపోతుంది, పైన లేత పచ్చటి నురగ తేలుతుంది. పసుపు పాలంటే మొహం తిప్పుకునే పిల్లలు కూడా ఆ నురగ కోసం గ్లాసు అందుకుంటారు. విదేశీ కఫేలలో ఇదే టర్మరిక్ లాటే పేరుతో అమ్ముతున్నారు. మన దగ్గర అమ్మమ్మ చేతి మందు. ఎండాకాలంలో, నిజామాబాద్ 44, 45 డిగ్రీల్లో ఉడికిపోయేటప్పుడు, ఫ్రిజ్ పాలకు ఇదే ఫ్రోతర్ పెట్టి చల్లటి కాఫీ చేసుకోండి. చల్లటి పాలు కూడా చక్కగా పొంగుతాయని పైన చెప్పుకున్నాం కదా.

అదే ఎండలో ఇంకో జాగ్రత్త. పాలు తగిలిన పుల్ల, జల్లెడ, జగ్గు కాసేపు వదిలేస్తే పులిసి వాసన పట్టేస్తాయి. కాఫీ పోయగానే, తాగకముందే, వేడి సబ్బునీళ్ల గ్లాసులో పుల్ల ముంచి మీట ఒకసారి నొక్కండి, తర్వాత మంచినీళ్లలో ఒకసారి. పిడిని నీళ్లల్లో ముంచకండి. పావు నిమిషం పని, కానీ అది చేసిన ఇంట్లో ఫ్రోతర్ ఏళ్ల తరబడి ఉంటుంది.

మరి ఏది కొనాలి? ఒక్కరో ఇద్దరో ఉన్నారా, చేతిది. ముగ్గురు నలుగురా, స్టీలు పాత్రలో నొక్కేది. పెద్దవాళ్లు తమంతట తాము కలుపుకోవాలా, కరెంటు జగ్గు. రోజూ పది మందికి కాఫీ ఇచ్చే ఇల్లయితే నురగ ఆలోచన పక్కన పెట్టి, డబరాలో ఎత్తి తిరగబోయండి. అంతమందికి వేడివేడిగా అందించడమే ముఖ్యం. ఇంకా తేల్చుకోలేకపోతే రూపాయి ఖర్చు లేకుండా ఒక పరీక్ష ఉంది. మూత గట్టిగా బిగుసుకునే ఖాళీ సీసా కడిగి ఆరబెట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలు మూడో వంతు పోసి అర నిమిషం గట్టిగా ఊపండి. వచ్చిన నురగను వేడి డికాక్షన్ మీద వేసుకుని నాలుగు రోజులు తాగి చూడండి. అది నచ్చి, మళ్లీ మళ్లీ కావాలనిపిస్తే ఫ్రోతర్ కొనండి. నచ్చకపోతే మీది చాయ్ ఇల్లే, అందులోనూ లోటేమీ లేదు.

మిషన్‌కు పెట్టాలనుకున్న వేలల్లో మిగిలినవాటితో ఒక పని చేయండి. మీ వాడలో నిఖార్సైన పాలు పోసే మనిషిని వెతికి పట్టుకోండి, అడిగిన ధర బేరమాడకుండా ఇవ్వండి. మంచి కాఫీ పొడి తక్కువ తక్కువగా, తాజాగా తెప్పించుకోండి. బర్రెకు మేత వేసే ఆ చేతులకూ, అరకు కొండల్లో గింజ ఏరే చేతులకూ చేరిన రూపాయి మీ గ్లాసులో రుచిగా తిరిగి వస్తుంది. నురగ సంగతి ఆ చిన్న పుల్ల చూసుకుంటుంది.